చిలకను చిదిమిన జల్లెడ

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాదంతా తీరిగ్గా చెప్పుకోవచ్చు. గద్వాలలో ఒక నేత పెద్దాయన తన తల్లి చేతి చిలకను ఇంకొక్కసారి మగ్గం మీదికి ఎక్కించుకోవాలని ఆశపడ్డాడు. నడుమ వనపర్తిలో కూర్చున్న నేను ఆ చిలకను చిదిమి ముద్ద చేశాను. అదీ శుభ్రం చేస్తున్నాననుకుని. నేనప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. ఊళ్ళో సగం మందికి తప్పుల్లేకుండా కొట్టడం నేర్పినవాణ్ణి. నా తప్పుకు మాత్రం ఒక్క మీట కూడా నొక్కాల్సిన అవసరం రాలేదు, నేను నిద్రలేవకముందే అది దానంతటదే జరిగిపోయింది.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాల మాట ఇది. మేం ముగ్గురం. గద్వాలలో ఫొటో స్టూడియో ఆయన, నాగర్‌కర్నూలులో గడియారాలు బాగుచేసే భాయ్, మధ్యలో నేను. ముగ్గురి దగ్గరా ఏదో ఒక ఆఫీసు వాడి వదిలేసిన పాత కంప్యూటర్లే. వాటికి తలా ఒక మోడెం పెట్టె, ఆ పెట్టెకు టెలిఫోను తీగ. ఇంటర్నెట్ అనేది పట్నంలో వచ్చిందని వింటున్నాం. మా దాకా వచ్చినరోజు వచ్చేది, రానిరోజు లేదు. దాని కోసం కూర్చోకుండా మాకు మేమే ఒక చిన్న వల అల్లుకున్నాం. రోజూ పొద్దున ఆరింటికి నాగర్‌కర్నూలు కంప్యూటరు నా కంప్యూటరుకు ఫోను చేసేది. రెండూ కాసేపు కీచుకీచుమని అరుచుకుని ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేవి. ఆరున్నరకు నాది గద్వాలకు చేసేది. డిస్కుల్లో చోటు తక్కువ కాబట్టి పంపిన ఉత్తరం పంపినవాడి దగ్గర చెరిగిపోయేట్టు పెట్టుకున్నాం. పోస్టు డబ్బాలో వేసిన కార్డు మళ్ళీ చేతికి రాదు కదా, ఇదీ అంతే అనుకున్నాం.

వనపర్తి రోడ్డు అనే రైల్వే స్టేషనుకూ వనపర్తికీ ఎంత సంబంధముందో, రాత్రిపూట అక్కడ దిగి ఊరెటు అని అడిగినవాళ్ళకు తెలుసు. ఊరికి రైలు లేని లోటు నేను తీరుస్తున్నానని నాకు లోలోపల ఒక గర్వం. ముగ్గురిలో నాదే జంక్షన్ మరి. ఎవరి మాట ఎవరికి చేరాలన్నా నా మీంచి పోవాల్సిందే.

చేరేది గాని, తెలుగులో చేరేది కాదు. కారణం చెప్పాలంటే బస్సు ఎక్కాలి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. రెండువందల యాభై ఆరు సీట్ల బస్సు అనుకోండి. ముందు సగం సీట్లు ఇంగ్లీషువాళ్ళు ఎన్నడో రిజర్వు చేసుకున్నారు, వాటి జోలికి ఎవరూ పోరు. వెనక సగానికి రిజర్వేషను లేదు. కిటికీలోంచి ఎవరు ముందు తువ్వాల వేస్తే సీటు వాళ్ళది. తెలుగు ఫాంటు తయారుచేసిన ప్రతి ఒక్కరూ తమకు తోచిన సీట్లలో తువ్వాలలు వేసుకున్నారు. నా ఫాంటులో ‘క’ కూర్చున్న చోట గద్వాల ఫాంటులో ఒక దీర్ఘం కాళ్ళు చాపుకుని కూర్చునేది. నాగర్‌కర్నూలు భాయ్ దగ్గర అసలు తెలుగు ఫాంటే లేదు కనుక, అదే సీట్లో నెత్తిన టోపీ పెట్టుకున్న ఫ్రెంచి అక్షరమేదో దర్శనమిచ్చేది. నేను నోరారా ‘క్షేమం’ అని రాస్తే అక్కడ నలుగురు విదేశీయులు దిగేవారు.

అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. దానికీ దాని తిప్పలు దానికున్నాయి. ఒకసారి నాగర్‌కర్నూలు నుంచి ‘nadi bagaledu’ అని వచ్చింది. గద్వాల ఆయన కృష్ణలో నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుని బీచుపల్లి వంతెన సంగతి విచారించాడు. నేను ‘నాది బాగాలేదు’ అని చదువుకుని భాయ్ కంప్యూటరుకు ఏమైందోనని ఫోను చేశాను. తీరా చూస్తే వాళ్ళమ్మకు నాడి బాగాలేదట. అప్పటికి దవాఖానకు పోయివచ్చి, బాగైపోయి, ఫోను ఆమే ఎత్తింది.

వెనక సీట్లలో కొన్ని మాత్రం మూడు ఊళ్ళలోనూ ఒకేలా కనిపించేవి. అవి అక్షరాలు కావు. నల్ల ముద్దలు, నిలువు గీతలు, అడ్డ గీతలు, మూలలు. పట్టికలు గీసుకోవడానికి ఎవరో వేసిన సీట్లు. ఫొటో స్టూడియో ఆయనకు అవి చాలా ఇష్టం. ఫొటోకు ఫ్రేము కట్టకుండా ఇచ్చే అలవాటు లేని మనిషి కనుక ఉత్తరానికి కూడా చుట్టూ నల్ల ముద్దలతో ఫ్రేము కట్టేవాడు. రెండు ముక్కల సమాచారం, చుట్టూ జేగంటల దర్వాజా.

ఆ ఫ్రేమే అసలు కథకు దారి తీసింది. కంటి ఆపరేషను కాగితాలకు ఫొటో కావాలని నేత పెద్దాయన స్టూడియోకు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఎడమ కన్ను అప్పటికే పొగబారింది. స్టూడియో ఆయన కెమెరా సర్దుకుంటుంటే ఈయన కుడి కంటితో కంప్యూటరు తెర మీదికి వంగి చూశాడట. తర్వాత వాళ్ళ మాటలు స్టూడియో ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడంటే, నేనూ అక్కడే ఉన్నట్టు నాకు గుర్తు.

“ఇదేంది, అంచా?”

“అంచే పెద్దాయనా. ఉత్తరానికి అంచు.”

“గిట్ల నేస్తే మా మేస్త్రి మగ్గం మీదికెల్లి దింపుతుండె. మూలకాడ పోగు కలుస్తలేదు చూడు.”

స్టూడియో ఆయన చూశాడు. కలవలేదు. ఏడాదిగా పంపుతున్న ఫ్రేములో ఒక ముద్ద తక్కువ పడుతోందని మా ముగ్గురిలో ఎవరూ కనిపెట్టలేదు.

“ఈ గడులల్ల ఏ బొమ్మనైనా వెట్టొచ్చునా?” అని అడిగాడు పెద్దాయన.

“గడులు లెక్కపెట్టేటోడు ఉంటే పెట్టొచ్చు.”

పెద్దాయన ఫొటో సంగతి మరిచిపోయి స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఒక అంచు నేసేదట. కాయను ముక్కున పట్టుకున్న చిలక. ఆ అంచు ఆమె తర్వాత ఎవరూ నేయలేదు. గడుల కాగితం మీద గీసిన నక్షను చెదలు తిన్నాయి. నక్ష చూసి చిల్లులు కొట్టిన అట్టలు, అంటే మగ్గం మీద ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో చెప్పే అట్టలు, ఇల్లు మారినప్పుడు వానలో నానిపోయాయి. మిగిలింది ఒక్క చీర. అది నాగర్‌కర్నూలులో గడియారాల దుకాణం సాయిబుల ఇంట్లో ఉందని ఆయనకు తెలుసు. ఆ ఇంటి పెద్దామె పెళ్ళికి వాళ్ళ నాయన వచ్చి గద్వాలలో కొనుక్కుపోయాడు.

“నెలన్నరకు తారీకిచ్చిన్రు ఆపరేషన్‌కు,” అన్నాడట పెద్దాయన. “అయినంక చూపు ఎట్లుంటదో డాక్టరు గూడ చెప్తలేడు. ఒక్క కన్నన్న ఉన్నప్పుడే అమ్మ చిలకను ఇంకొక్కపారి నేద్దామని ఉంది. గంతే.”

నాగర్‌కర్నూలులో గడియారాల దుకాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. స్టూడియో ఆయన మర్నాటి ఉత్తరంలోనే భాయ్‌ని అడిగాడు. చీర వాళ్ళమ్మదే.

ఆమె మాత్రం చీరను గడప దాటనివ్వనంది. మొండితనం ఏమీ లేదు. పాత జరీ, మడత విప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట విరుగుతుంది. వేపాకు వేసి, తెల్లగుడ్డలో చుట్టి, పెట్టె అడుగున పెట్టి ఏళ్ళయింది. చివరికి, “ఒక్కసారి తీస్త బేటా. ఏం చూసుకుంటవో ఒక్కసారే చూసుకో. మళ్ళ మళ్ళ అంటే నక్కో,” అని కొడుక్కి చెప్పిందట.

భాయ్ కంట్లో అద్దం బిగించుకుని కూర్చున్నాడు. గడియారంలో వెంట్రుక మందం చక్రాలు చూసే అద్దం అది. దానికింద చీర కొంగు అంచు జానెడు పరిచి, ఒక్కో పోగూ లెక్కపెడుతూ తెర మీద పెట్టాడు. జరీ ఉన్నచోట నల్ల ముద్ద, లేనిచోట ఖాళీ. అడ్డం డెబ్బై రెండు పోగులు, నిలువు నూట ఇరవై వరసలు. గడియారాలు ఇవ్వాల్సిన వాళ్ళు వచ్చి టైమెంతవుతుందో అడిగి తిరిగిపోతున్నా పన్నెండు రోజులు అదే పని. పని అయ్యాక అమ్మ కొత్త వేపాకు వేసి చీర మడిచేసింది.

సరిగ్గా ఆ పన్నెండు రోజుల్లోనే నేను జల్లెడ తయారుచేశాను.

దాని పుట్టుకకు కారణం నా ప్రింటరు. స్టూడియో ఆయన సరదాపడి తన ఫాంటులో ఒక తెలుగు ఉత్తరం పంపాడు. అచ్చు వేస్తే అందులో ఏదో ఒక అక్షరం మీది గుడి కూర్చున్న సీటు నంబరు, మా ప్రింటరు భాషలో ‘కాగితం బయటికి తొయ్యి’ అన్న ఆజ్ఞ అయి కూర్చుంది. ఆ గుడి వచ్చినప్పుడల్లా ప్రింటరు ఒక తెల్ల కాగితాన్ని నా మొహాన విసిరింది. గుళ్ళు ఎక్కువగా ఉన్న ఉత్తరం అది. గది నిండా తెల్ల కాగితాలు, ఒక్కోదాని మీద అర ముక్క. నాకు పట్టుదల వచ్చింది. నా జంక్షన్ మీంచి పోయే ప్రతి ఉత్తరానికీ సభ్యత నేర్పే చిన్న ప్రోగ్రాము రాశాను. అందులో రెండే సూత్రాలు. ఒకటి, వెనక సీట్లలో ఎవరున్నా వాళ్ళ నంబరులోంచి నూట ఇరవై ఎనిమిది తీసేసి ముందు సీట్లలోకి తోలెయ్యి. రెండు, ఒకటికి మించి ఖాళీలు వరసగా ఉంటే ఒక్కటే ఉంచి మిగతావి తుడిచెయ్యి.

రెండో సూత్రం ఎందుకని ఎవరైనా అడిగితే నేను తలవంచుకోవాల్సిందే. ప్రింటరు దాన్ని కోరలేదు. కోరింది నాలోని టైపు మాస్టరు. పరీక్ష పేపర్లో రెండు మాటల మధ్య రెండు ఖాళీలు కనిపిస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఖాళీ ఎక్కువైతే తప్పు. అంతకు మించి ఆలోచించలేదు. ఇద్దరికీ చెప్పనూ లేదు. చెప్పకుండా చేసిన సేవకు విలువెక్కువ అనుకున్నాను.

పదమూడో రోజు పొద్దున నాగర్‌కర్నూలు నుంచి చిలక బయలుదేరింది. ఆరింటికి నా దగ్గరికి వచ్చింది, జల్లెడలో పడింది, ఆరున్నరకు గద్వాలకు పోయింది. భాయ్ దగ్గర చెరిగిపోయింది, నా దగ్గరా చెరిగిపోయింది. నేను ఏడింటికి లేచి చాయ్ తాగుతూ లెక్కలు చూసుకుంటే, వచ్చిన ఫైలు కంటే పోయిన ఫైలు సగానికి సగం చిన్నది. పొంగిపోయాను. అది చాలదన్నట్టు జల్లెడ ప్రతి ఉత్తరం అడుగునా ఇంగ్లీషులో ‘వనపర్తిలో శుభ్రపరచబడినది’ అని ముద్ర కూడా వేస్తుంది. మునిసిపాలిటీ కూడా అంత ధైర్యంగా వేసుకోదు.

గద్వాలలో ఏం జరిగిందో చూడండి. నల్ల ముద్ద సీటు నంబరు రెండువందల పంతొమ్మిది. నూట ఇరవై ఎనిమిది తీస్తే తొంభై ఒకటి. ఆ సీట్లో ఇంగ్లీషువాళ్ళ చదరపు బ్రాకెట్టు కూర్చుని ఉంది. కాబట్టి జరీ ఉన్న ప్రతిచోటా బ్రాకెట్టు వచ్చింది. అంతవరకు పరవాలేదు. స్టూడియో ఆయన తెలివైనవాడు, ‘భాయ్ ముద్దలకు బదులు బ్రాకెట్లు వాడినట్టున్నాడు’ అనుకుని పెద్దాయనకు అలాగే చెప్పాడు. కాని ఖాళీలు పోయాయి. చిలక మెడకూ కాయకూ మధ్య ఉన్న జాగా, రెక్క కింద జాగా, రెండు కాళ్ళ నడుమ జాగా, అన్నీ ఒక్కో పోగుకు కుంచించుకుపోయి, ఒంట్లో ఉన్న జరీ అంతా ఎడమవైపు గోడకు ఒరిగింది.

పెద్దాయన ఆ కాగితం తీసుకుపోయి అట్టలు కొట్టించాడు. మగ్గం మీద జానెడు నేశాడు. నేసిన ముక్కను కత్తిరించి, మడిచి, వనపర్తి బస్సు కండక్టరు చేతిలో పెట్టి టైపు సారుకు ఇవ్వమన్నాడు.

పొట్లం విప్పాను. మెరూను పట్టు మీద బంగారు జరీ. నేత ఎంత బిగువుగా ఉందంటే వేలితో రాస్తే గీత పడదు. ఆ నాణ్యమైన నేతలో, వరస వరసకూ, నా రెండు సూత్రాలు ఉన్నాయి. తప్పును తెర మీద చూడటం అలవాటే. కాగితం మీద చూడటం మరీ అలవాటు. జరీలో చూడటం అదే మొదలు. ఎడమ అంచుకు కుప్పగా ఒరిగిన బంగారాన్నీ, కుడివైపు బోసిగా మిగిలిన పట్టునూ చూడగానే, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. ఖాళీలు తుడిచింది నేనే.

వెంటనే స్టూడియోకు ఫోను చేసి పెద్దాయనను పిలిపించాను.

“పెద్దాయనా, నేసేముందు ఇది చిలక కాదని తెలవలేదా మీకు?”

“తెల్వకేంది సార్. మొదటి నాలుగు వరసలకే తెలిసింది.”

“మరి ఎందుకు నేసిన్రు?”

“మగ్గం మీద కూసున్నోడు నక్షతోని పంచాయితి వెట్టుకోడు సార్. జానెడు నేసి, నక్ష పంపినాయన ముంగట వెడ్తడు. నోటితోని చెప్తే ఆయనకు కోపమొస్తది. గుడ్డ చూపెడ్తే సిగ్గొస్తది.”

వచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు గాని గొంతులో తెలిసే ఉంటుంది, తనే మాట మార్చాడు.

“ఆపరేషన్‌కు ఇరవై ఆరు రోజులున్నయి. బొమ్మ మళ్ళ పంపుతరా?”

బొమ్మ లేదు. మూడు ఊళ్ళలో ఎక్కడా లేదు. జరీ ఎన్ని పోగులో జల్లెడ పట్టిన కాగితంలో ఇంకా ఉంది, ఖాళీ ఎన్ని పోగులో ఎక్కడా లేదు. వాటిని ఊహించి పెట్టొచ్చు, పెడితే అది నా చిలకవుతుంది, వాళ్ళమ్మది కాదు. మళ్ళీ లెక్కపెట్టాలంటే చీర విప్పాలి. ఈ సంగతంతా దాచకుండా చెప్పాను, జల్లెడ సంగతితో సహా.

“సార్,” అన్నాడు పెద్దాయన, “జర ఒక మాట. ఈపారి బొమ్మ పంపకుండ్రి. లెక్క పంపుండ్రి. కాగితం లేనప్పుడు మా అమ్మ మాకు నోటితోని చెప్తుండె. మూడు పట్టు, ఐదు విడుపు, రెండు పట్టు, అట్ల. వరస చివరకు అన్ని కలిపితే డెబ్బై రెండు రావాలె. రాకుంటే మళ్ళ చెప్పిస్తుండె.”

పట్టు చీరలో ‘పట్టు’ అంటే రెండు విధాలా సరిపోయిందే అని ఆ కష్టంలోనూ నా బుద్ధి ఒకసారి గంతేసింది. ఆ తర్వాత అసలు సంగతి ఎక్కింది. ఖాళీని కూడా లెక్కపెట్టి పేరు పెట్టి పంపుతున్నారు. అంకెలన్నీ ముందు సీట్లవే, ఏ ప్రింటరూ తొయ్యదు, ఏ జల్లెడా పట్టదు. పైగా దారిలో పోగు జారిందో లేదో చూసుకోవడానికి వరసకొక మొత్తం. రెండేళ్ళుగా మా ముగ్గురికీ తట్టని ఏర్పాటు అది.

మర్నాడే గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు బస్సెక్కాను. ఫోనులో అడగడానికి మొహం చెల్లలేదు. ఆ పాడైన గుడ్డ సంచిలో పెట్టుకున్నాను.

భాయ్ నన్ను దుకాణం వెనక ఇంట్లోకి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ముందు సంగతి చెప్పబోతే, “మళ్ళ తీయనని చెప్పిన కదా,” అంది తల ఎత్తకుండానే. నేను మాట్లాడకుండా సంచిలోంచి గుడ్డ తీసి ఆమె ముందు పరిచాను. గద్వాలలో నేర్చుకున్న పాఠం అది, అయితే ఇక్కడ సిగ్గుపడాల్సినవాణ్ణి నేనే.

ఆమె అద్దాలు పెట్టుకుని చూసింది. గుడ్డను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“ఏంది బేటా ఇది? చిలకనా, బస్సు కింద పడ్డ కాకినా?”

“చిలకనే అమ్మీ. నేనే చేసిన ఇట్ల.”

“నువ్వు నేసినవా?”

“నేసింది గద్వాల పెద్దాయన. పాడుచేసింది నేను.”

“మంచిగ నేసిండు,” అంది వేలితో నిమురుతూ. “ఇంత మంచిగ నేసినా ఇట్ల ఖరాబైందంటే పాపం మనసుల ఎంత అనుకున్నడో.” బియ్యం చాట పక్కన పెట్టి లేచింది. కొడుకు వైపు తిరిగి, “ఆయనకు కన్ను ఎప్పుడు కోస్తరన్నవ్?” అంది.

పెట్టె తాళం ఆమే తీసింది.

ఈసారి మూడు రోజుల్లో అయిపోయింది. భాయ్ అద్దంలోంచి చూసి చెప్పేవాడు, “నాలుగు పట్టు, పదకొండు విడుపు, ఒకటి పట్టు...” నేను రాసుకునేవాణ్ణి. వరస అయ్యాక కలిపేవాణ్ణి. డెబ్బై ఒకటి వస్తే మళ్ళీ మొదటికి. అమ్మ చీర అంచును రెండు చేతులతో పట్టుకుని, జానెడుకు మించి విప్పనివ్వకుండా కాపలా కాసింది. రెండో రోజుకు ఆమెకు కూడికలు మా కంటే ముందే వచ్చేస్తున్నాయి. “డెబ్బై మూడొచ్చింది, ఒకటి దొంగది,” అనేది. తీరా చూస్తే నిజంగానే దొంగ దొరికేవాడు, ఎక్కువసార్లు నా కాగితంలో.

జల్లెడను అప్పటికే తీసేశాను. తీయకపోయినా ఈ లెక్కకు ఏమీ అయ్యేది కాదు. వనపర్తి వచ్చి ఆ అంకెలన్నీ టైపు చేసి గద్వాలకు పంపాను. పంపిన కాపీ నా దగ్గర ఒకటి దాచుకున్నాను, నోటుపుస్తకంలో చేత్తో రాసినది ఇంకొకటి.

నాలుగు రోజుల తర్వాత పెద్దాయన స్టూడియో నుంచి ఫోను చేశాడు.

“సార్, ముప్పై ఏడో వరసల చిలక కాలు కింద ఒక పోగు ఎక్కువుంది. లెక్క డెబ్బై రెండే వస్తుంది గాని, రెండు పట్టు కాడ మూడున్నది. మీ లెక్కనా, చీరలనే ఉన్నదా?”

నోటుపుస్తకం చూశాను. మూడు అనే ఉంది. నాగర్‌కర్నూలుకు ఫోను చేసి భాయ్‌ని అడిగాను. అతను పెట్టె తెరిపించాల్సిన పని లేకుండానే చెప్పాడు, ఆ వరస దగ్గర తనకూ అనుమానం వచ్చి రెండుసార్లు చూశాడట. చీరలోనే ఉంది. పక్క చిలకలో రెండే ఉన్నాయి.

పెద్దాయనకు అదే చెప్పాను.

“అయితే మా అమ్మది,” అన్నాడు. “ఉండనియ్యి సార్. అట్లనే నేస్త.”

ఆపరేషనుకు మూడు రోజుల ముందు మగ్గం మీంచి చీర దిగింది. దిగాక మొదట ఆ చీర పట్టుకుని, స్టూడియో ఆయనను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూలు పోయాడు పెద్దాయన. భాయ్ వాళ్ళమ్మ తన పాత చీర అంచు పక్కన కొత్తది పెట్టిందట. ఇద్దరు వయసు మళ్ళినవాళ్ళు వంగి ఒక చిలక కాలు కింద పోగు వెతుక్కుంటుంటే, భాయ్ కంట్లో అద్దం తీసి వాళ్ళ చేతికిచ్చాడట. నేను ఆ రోజు ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష పెట్టి కూర్చున్నాను. పోలేకపోయినందుకు ఇప్పటికీ చిన్న వెలితి. ఆపరేషను సవ్యంగానే జరిగింది. రెండు నెలలకు పెద్దాయన మందపు కళ్ళద్దాలతో మళ్ళీ మగ్గం ఎక్కాడు.

నా సంగతికి వస్తే, నా పరువు ఆపరేషను అంత బాగా జరగలేదు. పాడైన గుడ్డను నేను నాగర్‌కర్నూలులోనే మరిచి వచ్చాను. స్టూడియో ఆయన అక్కడినుంచి తెచ్చుకుని, అద్దం ఫ్రేము కట్టి, కౌంటరు మీద వేలాడదీశాడు. ఫొటోకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పడం, “ఇది వనపర్తి టైపు సార్ కంప్యూటర్ చేసిన చిలక. శుభ్రం చేసిండు.” గట్టు, అలంపూర్ లాంటి ఊళ్ళ నుంచి పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్ళు కూడా నా పేరు తెలియకుండానే నన్ను తలచుకుని నవ్వే స్థితికి వచ్చింది. తీసేయమని బతిమాలాను. “గింత మంచి నేత ఏడ దొరుకుతది సార్,” అనేవాడు.

ఊరుకోలేదు నేను. గడుల కాగితం తెచ్చుకుని వారం రోజులు కూర్చుని తెలుగు అక్షరాలు పడుకోబెట్టి గీశాను, అంచు పొడుగునా సాగేట్టు. గీసినదాన్ని పట్టూ విడుపూ లెక్కలోకి మార్చాను. వరస వరసకూ డెబ్బై రెండు. ‘పెద్దాయనకు కొత్త నక్ష, దయచేసి జాగ్రత్తగా అందజేయగలరు’ అని ఒక ముక్క రాసి గద్వాలకు పంపాను. స్టూడియో ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా అచ్చు తీశాడు. మళ్ళీ ఏ పొరపాటూ జరగకూడదని నూట అరవై వరసలూ తనే కూడి చూశాడట. వాన పడుతుంటే ప్లాస్టిక్ కవరులో పెట్టి, సైకిలు మీద తీసుకుపోయి పెద్దాయన చేతికిచ్చాడు. అన్నీ అంకెలే, స్టూడియో ఆయనకు ఏం కనిపిస్తుంది? పెద్దాయనకు మాత్రం పది వరసలకే అర్థమై ఉండాలి. జానెడు వెడల్పు పట్టీ నేసి, మడిచి, స్టూడియోలో ఇచ్చి, ఫొటోకు కూర్చున్నవాళ్ళ పక్కనే తనూ కూర్చున్నాడు.

స్టూడియో ఆయన పట్టీ విప్పి, అలవాటుగా అందరికీ వినపడేట్టు చదివాడు. మెరూను మీద బంగారు జరీతో, ఏ ఫాంటూ అక్కర్లేకుండా, మూడు ఊళ్ళలో ఎక్కడ పరిచినా ఒకేలా కనిపించే తెలుగులో ఉంది: ‘మోసుకొచ్చినాయన చదువుకోలేదు.’